గుమ్మం దాకా బండి

మా చెల్లి పైడమ్మకి కన్ను ఆపరేషనైంది. సీతమ్మధారలోని ఆసుపత్రిలో పదకొండింటికి కట్టు విప్పుతామన్నారు. "ఇప్పీసరికి ముందు నీ మొగమే అగపడాల అన్నియ్యా" అంది. ఆపరేషన్ రోజున బండి వీధి చివర స్టాండులో పెట్టి, చంకకర్రల మీద గుమ్మం చేరేసరికే చెల్లిని లోపలికి తీసుకుపోయారు. ఈసారి అలా కాకూడదని ట్రాఫిక్ ఆఫీసు నుంచి పర్మిషను కాగితం తెచ్చుకున్నాను.

ఉదయం ఐదున్నరకి పద్మనాభంలో బయల్దేరాను. ఓడ సరుకు దించే పనిలో ఒక కాలు పోయింది నాకు. నాది మూడు చక్రాల స్కూటరు, నిదానంగానే పోతుంది. ఆనందపురంలో నాలుగిడ్లీ, ఒక టీ. ఎనిమిదిన్నరకి జాలరిపేట.

అక్కడ పడవల మీద పేర్లు రాసే నూకరాజుని కలిశాను. మడతపెట్టీ విప్పీ కాగితం చిరిగిపోతోంది, అందులో ఉన్నదంతా బండి ముందు రేకు మీద రాసెయ్యమన్నాను.

"సంతకం కూడానా బావా?"

"సంతకం లేకపోతే ఎవడు నమ్ముతాడ్రా?"

నవ్వుకుంటూనే రాశాడు. ముద్ర కూడా గుండ్రంగా దింపాడు. అంతా ఎర్ర రంగే. పదీ పావుకి బయల్దేరాను.

పదీ నలభైకి ఆసుపత్రి గేటు. వాచ్‌మన్ చెయ్యి అడ్డంపెట్టాడు. "తాతా, స్టాండు వీధి సివర. బండక్కడెట్టి నడిసి రా."

"నడిసీవోడినైతే మూడు సక్రాలెందుకురా? రేకు మీద ఆర్డరు సూడు."

వంగి, ముద్ర మీద బొటనవేలు పెట్టాడు. వేలు ఎర్రనైంది. "ఇదేటి, ఇప్పుడే రాసినట్టుంది! కాగితమేదీ?"

జేబు తడుముకున్నాను. లేదు. గాలికి ఎగరకుండా నూకరాజు దాన్ని రంగు డబ్బా కింద పెట్టాడు, అక్కడే మరిచిపోయి వచ్చేశాను. వెనక్కి వెళ్తే పదకొండు దాటిపోతుంది.

"రాసింది సదువు మరి" అని అరిచాను. వాచ్‌మన్ చూపు ముద్ర దగ్గరే నిలబడిపోయింది, వరస వెంట కదల్లేదు. ఆ చూపు నాకు తెలుసు. యాభై ఐదేళ్లకి రాత్రి బడిలో చేరేదాకా నా చూపూ అంతే. గుమాస్తాలు నన్ను తిట్టిన తిట్టు ఒకటి నాలుక చివరికొచ్చింది. మింగేశాను.

"నా కళ్లద్దాలే మంచివిలే, నాను సదువుతాను. నా వేలెంట సూడు."

పచ్చి రంగు మీద వేలు ఆన్చి, ఒక్కొక్క అక్షరమే చదివాను. "ఈ వికలాంగుని బండిని ఏ గుమ్మానికైనా దగ్గరగా నిలుపుకోనివ్వవలెను. స్టాండు రుసుము అడగరాదు."

"అడగరాదని కూడా ఉందేటి?"

"ఇదిగో ఇక్కడ" అని చూపించి, జారిన కళ్లద్దాల్ని ఆ వేలితోనే ముక్కు మీదికి తోసుకున్నాను.

అతను తన వేలితో ఆ మాట కింద గీత గీసుకున్నాడు. తర్వాత గేటు బార్లా తెరిచి, తనే మెట్టు దాకా బండి తోశాడు.

నేను మంచం పక్కన కూర్చునేసరికి డాక్టరు కట్టు విప్పుతున్నాడు. పైడమ్మ రెప్పలు కొట్టుకుని చూసింది. "నీ ముక్కు మీద ఆ ఎరుపేటి అన్నియ్యా?"

"గవర్నమెంటు ఆర్డరే అది" అన్నాను. నర్సు కూడా నవ్వింది.

ఈ దారిన వెళ్లేవాళ్లకి ఒక్కటే చెబుతున్నాను: రంగు ఆరడానికి ఒక రోజు పడుతుంది, అసలు కాగితం మరవకండి. తిరుగుదారిలో జాలరిపేటలో ఆగి నాది నేను తెచ్చుకున్నాను. వెనక కూర్చున్న పైడమ్మ దారి పొడుగునా ప్రతి పడవ పేరూ, ప్రతి దుకాణం బోర్డూ చూపించి "ఇదేటి, అదేటి, ఆపు అన్నియ్యా" అంటూనే ఉంది. ఇల్లు చేరడానికి రెట్టింపు సమయం పట్టింది. ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపాను. పర్మిషను జేబులోనే ఉంది కదా!