రావల్కోల్ బోరులో పింగాణీ బుష్షు

తొంభైల చివర్లో నేను నగరంలో ఒక ప్రయోగశాలలో పింగాణీ మీద పరిశోధన చేస్తుండేదాన్ని. టీకప్పుల పింగాణీ కాదు, ఇనుమును కూడా గీకేంత గట్టిది. రేపటి లోకమంతా కొత్త పదార్థాలదేనని మా సెమినార్లలో తెగ చెప్పుకునేవాళ్లం. నాకు మాత్రం రేపంటే రావల్కోల్‌లో మా నాయిన ద్రాక్షతోట. ఆ బోరులో నీళ్లతో పాటు ఇసుక వచ్చేది. మోటారు లోపల కడ్డీ తిరిగే చోట ఉండే ఇత్తడి కడియాన్ని, అదే బుష్షును, ఆ ఇసుక రెండు నెలల్లో తినేసేది. మోటారు పైకి తీసి, బాగుచేసి, దించేసరికి పది రోజులు. ఈలోగా గుత్తులు ముడుచుకుపోయేవి.

"ఇంకొక్కపారి మోటరు ఆగితే తోట కొట్టేస్త బిడ్డా. ఇగ నాతోని గాదు," అన్నాడు నాయిన.

నాకు ఒళ్లు మండింది. ఎనిమిదేళ్లు పెంచిన తోటను అంత చిన్న ముక్క ఓడించడమేమిటి? పింగాణీతో బుష్షు చేశాను. ఇసుక నీళ్లలో నెలంతా తిప్పినా అరగలేదు. చంకలు గుద్దుకుంటూ ఊరికి పట్టుకుపోయాను.

మోటార్ల మెకానిక్ నాకు వరసకు మామ. ఏ బుష్షునైనా చెక్కముక్క అడ్డంపెట్టి సుత్తితో కొట్టి బిగించడం ఆయనకు అలవాటు. నాదీ అట్లాగే కొట్టాడు. ఒక్క దెబ్బకు మూడు ముక్కలైంది.

"గిదేంది బిడ్డా, గాజుగిన్నె తెచ్చినవా?"

"దాన్ని సుత్తితోని గొడ్తరా మామా ఎవరన్న?"

"మరి దేనితోని గొడ్తరు?"

మూడు ముక్కలూ ఏరి సంచిలో వేసుకున్నాను. తిరుగు బస్సులో ఆయన్ని తిట్టుకుంటూ కూర్చున్నాను. మేడ్చల్ దాటాక సిగ్గేసింది. ఎన్నో పరీక్షలు చేశాం గానీ, ఒక్కరమూ సుత్తితో కొట్టి చూడలేదు. మామ సుత్తి మారదు. మారాల్సింది నా బుష్షే.

నాయిన మళ్లీ ఇత్తడిదే వేయించుకున్నాడు. నేను పింగాణీకి ఇత్తడి తొడుగు వేసే పనిలో పడ్డాను. దెబ్బ ఇత్తడి మీద పడాలి, ఇసుక పింగాణీకి తగలాలి. తొడుగు వదులైతే జారిపోయేది, బిగువైతే లోపలిది పగిలేది. ఇక చాలించి వ్యాసం రాసుకోమన్నారు మా ప్రొఫెసర్. వినలేదు. కుదిరేసరికి నాలుగు నెలలు పట్టింది. నేనే సుత్తి తీసుకుని పది దెబ్బలు కొట్టి చూశాను.

ఊరికి వెళ్లేసరికి తోట లేదు. ఇత్తడి బుష్షు ఎప్పటిలాగే అరిగి, మోటారు ఆగిపోయిందట. కొట్టేసిన తీగలు కుప్పలుగా పడి ఉన్నాయి. ఏడుపొచ్చింది. ఒక మూల మాత్రం నాలుగు సాళ్లు పచ్చగా ఉన్నాయి. నాయిన పక్కవాళ్ల బోరు నుంచి బిందెలతో మోసి వాటిని తడుపుతున్నాడు.

"గివెందుకు ఉంచినవ్ నాయినా?"

"నువ్వు మల్ల తెస్తవని నాకు తెల్వదా? గది నడుస్తదో లేదో దేని మీద సూస్తవ్ మరి?"

మోటారు అప్పటికే పైకి తీసి ఉంది. మామను పిలిపించాను. ఈసారి ఆయన భయపడి సుత్తి నా చేతికివ్వబోయాడు.

"నువ్వే కొట్టు మామా. రోజు ఎట్ల గొడ్తవో గట్లనే."

కొట్టాడు. పగల్లేదు. మోటారు దించాక, సాయంత్రానికి నాలుగు సాళ్లకూ నీళ్లు పారాయి. ఆ ఏడు మోటారు మళ్లీ ఆగలేదు. వానకాలం రాగానే, కొట్టేసిన చోట నాయిన కొత్త తీగలకు గుంతలు తవ్వాడు.