చివరి గది తాళం

ఆదివారం కూడా ఇంటి పట్టున ఉండవేం అని మా ఆయన సణుగుతూనే ఉంటాడు. వారమంతా న్యూ టౌన్ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి, సెలవు రోజున బస్సెక్కి, హుగ్లీ నది దాటి సంత్రాగాఛి దాకా వెళ్లి మళ్లీ కంప్యూటర్ ముందే కూర్చోవడమేమిటని ఆయన బాధ. అక్కడ రైల్వే క్వార్టర్ల మధ్య తెలుగువాళ్ల సంఘానికి ఒక గది ఉంది. ఆ గదిలో నేను పిల్లలకు ఆటలు తయారు చేయడం నేర్పుతాను. ఆడటం మాత్రం నేను నేర్పక్కర్లేదు, ఆ విషయంలో వాళ్లే నాకు గురువులు.

ఆట అంటే గదుల్లోంచి తప్పించుకునే ఆట. తెర మీద ఒక గది కనిపిస్తుంది, తలుపుకు తాళం ఉంటుంది. వస్తువుల మీద నొక్కుతూ ఆధారాలు వెతికి సరైన జవాబిస్తే తలుపు తెరుచుకుని తర్వాతి గది వస్తుంది. పెద్ద ప్రోగ్రాములేమీ అక్కర్లేదు, స్లైడ్ల మీద ఫొటోలు పెట్టి ఒకదాని నుంచి ఒకదానికి లింకులు ఇస్తే సరిపోతుంది. ఈ పిల్లలు ఇంట్లో తెలుగు గడగడా మాట్లాడతారు గానీ చదవమంటే నీళ్లు నములుతారు. అందుకని ఆధారాలను రాయకుండా, గొంతుతో రికార్డు చేయమన్నాను.

మొదట్లో అందరూ దయ్యాల కొంపలే చేశారు. చూసి చూసి విసుగెత్తి, దయ్యాల సంగతి మీకేం తెలుసు, తెలిసిన గది చేసి తగలడండి అని కసిరాను. నా కోపం వాళ్లకు అలవాటే. ఈ ఊరి అలవాటు కొద్దీ నన్ను అక్కా అనకుండా దిదీ అంటారు. దిదీకి ఆకలేస్తున్నట్టుందని బెంగాలీలో గుసగుసలాడుకున్నారు.

తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి మాత్రం నా మాట పట్టుకుంది. వాళ్ల తాత గది చేసింది.

ఆ తాత యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా పనిచేసేవాడు. ఆయన రిటైరయ్యేనాటికి ఈ పిల్ల ఇంకా బడికి కొత్త. కొడుక్కీ రైల్వేలోనే ఉద్యోగం కాబట్టి క్వార్టర్లోనే ఉండిపోయారు. ఈమధ్య ఆయనకు మతిమరపు ముదిరింది. ముందు దారులు మరిచిపోయాడు, తర్వాత మనుషులను. తన చంక దిగకుండా పెరిగిన మనవరాలిని కూడా పోల్చుకోవడం మానేశాడు.

డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు ఆయన క్యారియర్ అడుగు గిన్నెలో ఒక సందేశ్ మిఠాయి పెట్టుకుని వచ్చేవాడట. ఇంట్లో ఎవరూ ఆ మూత ముట్టకూడదు, ఈ పిల్లే తీయాలి. ఆటలో మొదటి గదికి, రైళ్లకు ఎరుపు, పచ్చ దీపాలు చూపే ఆయన చేతి లాంతరు, రెండో గదికి ఆ క్యారియర్ పెట్టింది. చివరి తాళం దగ్గర ఒకటే ప్రశ్న, ఆ సందేశ్ ఎవరికని. తాత ఒక్కడే పిలిచే ముద్దుపేరు పైకి చెబితే ఆ పిల్ల నొక్కి తెరుస్తుంది. లోపల, మూత చేత్తో పట్టుకున్న ఆ పిల్ల చిన్నప్పటి ఫొటో ఉంది.

ఇది చెల్లదన్నాను. జవాబు గదిలోనే ఎక్కడో దొరకాలి, ఆ పేరుకు గదిలో ఆధారమేదీ అని అడిగాను.

"తాత కాడ ఉన్నాది దిదీ. తాళం తీసినాడంటే నాను గుర్తున్నట్టే కదా."

అలాగే ఉంచమన్నాను.

ఆటను ఎప్పుడూ చూడనివాళ్ల చేత ఒకసారి ఆడించాలి. తయారు చేసినవాళ్లు పక్కనే కూర్చోవాలి గానీ నోరు మెదపకూడదు. ఆట ఎక్కడ చిక్కుకుంటుందో అప్పుడే బయటపడుతుంది. ఈ నియమం దగ్గర నేను రాక్షసిని. సైగ చేసినా ఊరుకోను.

ఆడించాల్సిన ఆదివారం ఆ పిల్ల తాతకు ఇస్త్రీ చొక్కా తొడిగి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. లాంతరు చూడగానే ఆయన తడుముకోకుండా పచ్చరంగు నొక్కాడు. క్యారియర్ రాగానే నవ్వాడు. పై గిన్నెల జోలికి పోకుండా అడుగు గిన్నె మీద వేలు పెట్టాడు. పిల్ల మొహం వెలిగిపోయింది. నాకూ ఆశ పుట్టింది, కాదనను. తెర మీంచి ఆ పిల్ల గొంతే అడిగింది, సందేశ్ ఎవరికి తాతా అని.

"మా పాపకి," అన్నాడు.

పేరేమిటని మళ్లీ అడిగింది తెర. ఆయన ఆలోచించాడు. పెదవులు కదిపాడు, ఏదీ రాలేదు. కంగారుపడి లేవబోయాడు. పాప ఇంటి దగ్గర ఎదురుచూస్తూ ఉంటుందట, వెళ్లిపోవాలట. అప్పుడు పక్కనున్న పిల్ల కనిపించింది.

"నువ్వెవులింటి పిల్లవమ్మా?"

ఆ పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చుంది. నియమం పెట్టిన నా నోరు పడిపోను అనుకున్నాను. ఫరవాలేదు, నువ్వే చెప్పెయ్ అని బతిమాలాను. తల అడ్డంగా ఊపింది.

"నాను సెప్తే తాత తీసినట్టు కాదు కదా దిదీ."

బస్సులో ఇంటికి వస్తూ అందరి ముందూ ఏడ్చాను. పక్కన కూర్చున్న ఆవిడ కిటికీ వైపు సీటు నాకు ఇచ్చింది.

మళ్లీ ఆదివారం ఆట తెరిచి చూస్తే అడుగు గిన్నె మూత నొక్కగానే ఫొటో వచ్చేసింది. తాళమేదని అడిగాను.

"తీసీసినాను. తాత బయటే ఉండిపోతన్నాడు."

ఈసారి నేనే వాళ్ల క్వార్టర్‌కు వెళ్లాను. మంచం మీద తాత, ఆయన ఒళ్లో లాప్‌టాప్, పక్కన ఆ పిల్ల. ఆయన పచ్చరంగు నొక్కాడు, అడుగు గిన్నె నొక్కాడు. ఫొటో వచ్చింది. అంత సంతోషం ఆ మొహంలో నేనెప్పుడూ చూడలేదు. మనవరాలి చెయ్యి పట్టి దగ్గరకు లాక్కుని తెర చూపించాడు.

"అదుగో, మా పాప. సూసినావేటి?"

"సూసినాను తాతా. బాగున్నాది."

"సందేశ్ దానికే ఇవ్వాల. మరెవులికీ ఇవ్వకు."

"ఇచ్చేత్తాను," అని ఆ పిల్ల ఆటను మళ్లీ మొదటి గదికి తిప్పింది.