రెజాంగ్ వరసలో ముందు నడిచిన అవ్వ

ఉదయం ఐదున్నరకు నిజామాబాద్‌లో హైదరాబాద్ బస్సెక్కాం, నేనూ మా గంగక్కా. అదే ఊరి కంఠేశ్వర్‌ పేటలో పాతికేళ్ళు పంతులమ్మగా చేసి రిటైరయ్యాక నాకు మిగిలిన కోరిక ఒక్కటే. ఇండోనేషియాలోని బాలి దీవిలో, ఊరి గుడి పండుగలో ఆడవాళ్ళు ఆడే రెజాంగ్ నాట్యం చూడాలి. తోడు రావలసిన స్నేహితురాలికి మోకాలి ఆపరేషన్ కావడంతో, ఎడపల్లిలో వ్యవసాయం చూసుకునే అక్కను బతిమాలాను. బావ పోయి మూడేళ్ళు. అంతకుముందు వాళ్ళ ఊళ్ళో బతుకమ్మ పాట ఎత్తుకునేది అక్కే. బావ పోయాక పండుగనాడు అరుగు మీద కూర్చుని చూస్తోంది.

బస్సులో మా పక్కన బోధన్‌లో బట్టల దుకాణం నడిపే ఒక బేగం కూర్చుంది. సంచులు చూసి, ఏ తీర్థానికి పోతున్నారని అడిగింది.

"ఆట సూడనీకి పోతున్నం. మా చెల్లెకు పనిలేదు," అంది అక్క.

మధ్యాహ్నం శంషాబాద్‌లో విమానం ఎక్కి, సింగపూర్‌లో కుర్చీల్లోనే కునుకు తీసి, మర్నాడు పొద్దున మరొకటి పట్టుకుని బాలిలో దిగాం. అక్కడ వాచీ రెండున్నర గంటలు ముందుకు తిప్పుకోవాలి. ఇమిగ్రేషన్ వరసలో గంటసేపు నిలబడేసరికి అక్క పాదాలు వాచాయి. వెంట తెచ్చుకున్న జొన్నరొట్టె, పల్లికారం బయట బెంచీ మీద తిని కారెక్కాం. తూర్పు వైపు కొండ ఊరికి మూడు గంటలు పట్టింది. దారి పొడవునా వరి మడులే. అక్క కిటికీలోంచి ఒకసారి చూసి, మా జిల్లాలోని వర్ని దాకా వచ్చినట్టే ఉందని కళ్ళు మూసుకుంది.

గుడి పండుగ మర్నాడు సాయంత్రం నాలుగింటికి. మాకు గది ఇచ్చిన వాయాన్ అనే ఆయనే తీసుకెళ్ళాడు. వెళ్ళేవాళ్ళకు ఒక మాట: నడుముకు గుడ్డపట్టీ లేకుండా లోపలికి రానివ్వరు. చీరల మీదే మాకు పసుపు పట్టీలు కట్టించి, ఇంట్లో ఈమధ్య ఎవరైనా పోయారా, మైల ఉందా అని వాయాన్ ఇంగ్లీషులో అడిగాడు. నేను తెలుగులో చెప్పగానే అక్క గడప దగ్గరనుంచి వెనక్కి జరిగింది. మూడేళ్ళయిందని చెబితే, అది ఎప్పుడో తీరిపోయింది, రమ్మన్నాడు.

నాట్యం మొదలైంది. తెల్ల రవికలు, పసుపు బట్టలు కట్టుకున్న ముప్పైమంది ఆడవాళ్ళు వరసగా, నెమ్మదిగా కదిలారు. రెండడుగులు, క్షణం ఆగడం, చేతులు చాచడం, అంతే. పక్కన మగవాళ్ళు కబుర్లాడుతున్నారు, పూజారి గంట ఊపుతున్నాడు. ఎవరూ చూడడం లేదు. నడుం నొప్పితో నేల మీద కూర్చున్న నాకు ఇంత దూరం దీనికోసమా వచ్చాననిపించింది. నా ముఖం చూసి వాయాన్ చెప్పాడు. ఇవాళ దేవుళ్ళు దిగివచ్చారట, ఈ ఆట వాళ్ళకు ఎదురెళ్ళి పిలవడమట, మనుషులు చూసినా చూడకపోయినా ఒకటేనట.

అక్క మాత్రం వరసలో అందరికన్నా ముందున్న ముసలావిడను రెప్పవేయకుండా చూస్తోంది. ఆట అయ్యాక ఆమె మా దగ్గరికొచ్చి అరటి ఆకులో చుట్టిన తీపి పెట్టింది. ఆమె ఎవరని నేను అడిగితే, భర్త పోయి ఆరేళ్ళని కూడా వాయాన్ చెప్పాడు.

"మరి గామెను ఎవ్వరు ఎనకకు పొమ్మనలేదా? అడుగు," అంది అక్క.

నేను వాయాన్‌ను అడిగాను, వాయాన్ ఆమెను అడిగాడు. ఆమెకు ప్రశ్న అర్థం కాలేదు. రెండోసారి విని, మైల ఉన్న రోజుల్లో రాలేదని, తీరగానే వచ్చానని, దేవుళ్ళు వచ్చినప్పుడు ఎదురు వెళ్ళకపోతే వాళ్ళేమనుకుంటారని చెప్పింది.

ఆ సాయంత్రం అక్క అన్నం ముట్టలేదు. వరండాలో కాళ్ళు చాపుకుని కూర్చుని నాతో అంది.

"బతుకమ్మ నాడు మా తోటికోడలు ఒక్క మాట అన్నది, మొగడు లేనిదానివి ముందట నీకేం పని అని. గంతే, పోయి కూసున్న. నువ్వు గూడ ఉంటివి గదా ఆడ. ఒక్క మాట అనకపోతివి."

నిజమే, ఉన్నాను. ఆ రోజు నా పళ్ళెంలో పూలు సర్దుకుంటూ విననట్టు ఊరుకున్నాను. తప్పయిందని అంటే అక్క లేచి లోపలికి పోయి పడుకుంది.

బాలిలో మూడో రోజు తిరుగు ప్రయాణం. రెండు విమానాలు, ఒక బస్సు. నిజామాబాద్‌లో దిగేసరికి మర్నాడు మధ్యాహ్నం రెండు. నిలబడే ఓపిక లేకపోయినా అక్కను ఒంటరిగా పంపబుద్ధి కాక, ఆమె దిగేదాకా తోడుండి బోధన్ నుంచి వెనక్కి వద్దామని, ఎడపల్లి మీదుగా పోయే బోధన్ బస్సెక్కాను. ఇంత దూరం తిరిగి నేను చూసిన నాట్యం అరగంట, దాని అర్థం నాకన్నా ముందు అక్కకు తెలిసింది. ఎడపల్లి స్టేజీ దగ్గర అక్క సంచి భుజానికెత్తుకుని, దిగబోతూ ఆగింది.

"ఈసారి పండుగకు రా. పాట నేనే ఎత్తుకుంట. నువ్వు నా పక్కకు నిలబడు."

వస్తానన్నాను. కండక్టర్ తొందరపెడుతుంటే, వాచిన కాళ్ళతో అక్క ఒక్కో మెట్టూ దిగింది.