తువ్వాలు కింద ఆలోచన

పంతొమ్మిది వందల యాభైలలో ఆదోనిలో ఒక పత్తి మండీలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. పొద్దున్నే పేపరు పైకి చదివి వినిపించడం కూడా నా పనే. ఒకరోజు ఎవరో విదేశీ పండితునికి తత్వచింతనకు పెద్ద అంతర్జాతీయ బహుమతి ఇచ్చారని వార్త వచ్చింది. తత్వం నాకు ప్రాణం. ఒక్కసారైనా నాకు నచ్చింది వింటారని ఆశపడి, పత్తి ధరల కంటే ముందు అదే చదివాను.

"ఆలోచిస్తే బహుమానమా?" అన్నాడు షావుకారు. "మా నాయన అరుగుమీద దినమంతా ఆలోచిస్తాండె. ఆయనకెవరూ ఇయ్యలేదే."

మా దగ్గర బేరగాళ్లు ధర పైకి చెప్పరు, తువ్వాలు కింద వేళ్లు పట్టుకొని తేల్చుకుంటారు. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన దళారి తన తువ్వాలు దులిపి చూపించాడు.

"దీనికింద ఎవరి వేళ్లు పట్టుకొని ధర కట్టినారప్పా? సాల్లే, పత్తి యాడికెక్కిందో సదువు."

అందరూ నవ్వారు. ఆ రోజునుంచి ఆ మండీలో ధరలు తప్ప ఇంకొక్క ముక్క చదవలేదు. ఎన్నిసార్లు అడిగినా చదవలేదు.

పత్తినైతే పింజ లాగి నాణ్యం చూస్తారు. మనిషి ఆలోచనను ఏం పట్టి చూస్తారు? దళారి ఎగతాళికే అడిగాడు. జవాబు నాకింకా దొరకలేదు. ఆయన్ను క్షమించకపోవడానికి అదీ ఒక కారణం.