మండువ మీద నేను రాసిన అర్జీ

మా నాయన తలదించుకున్నది జీవితంలో ఒక్కసారే. అది నా వల్ల. ఈ సంగతి నా భార్యకు తెలియదు, పిల్లలకు తెలియదు. ఇప్పుడు చెబుతున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. మాది పెద్దమందడి దగ్గర చిన్న ఊరు. నాకు ఇరవై మూడేళ్లు. వనపర్తిలో ఒక వకీలు దగ్గర గుమాస్తాగా ఉండేవాణ్ణి. జుమ్మా రోజు, అంటే శుక్రవారం, కచేరీకి సెలవు కాబట్టి గురువారం సాయంత్రం నడిచి ఊరికి వచ్చేవాణ్ణి. పట్వారీ వేరే ఊళ్లో ఉండేవాడు. సర్కారు కాగితాలన్నీ ఉర్దూలోనే. మా ఊళ్లో ఉర్దూ రాయడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ గర్వం నా నడకలో కూడా కనబడేదని అమ్మ అనేది.

ఊరికి పడమట, ఈతచెట్ల అంచున కల్లు మండువ ఉండేది. నాలుగు గుంజల మీద తాటాకు పందిరి, అలికిన నేల, వరుసగా కుండలు, అంతే. దాన్ని నడిపేది ఒక గౌండ్లామె. ఆమె భర్త తాటిచెట్టు మీది నుంచి పడి చనిపోయాడు. అప్పటి నుంచి మరిది చెట్లు గీస్తే ఆమె కల్లు పోసేది. మా నాయన ఆమెను చెల్లె అని పిలిచేవాడు. ఆ వరుసన నాకు అత్త.

నాయన ఇంట్లో పెద్దగా మాట్లాడేవాడు కాదు. పొద్దు వాలగానే భుజం మీద తుండుగుడ్డ వేసుకొని మండువకు వెళ్లేవాడు. అక్కడ మాత్రం ఆయన మాటకు విలువ ఉండేది. ఇద్దరు అన్నదమ్ములు మోట వంతు దగ్గర కొట్టుకొని ఆరు నెలలు పలకరించుకోకుండా ఉంటే, ఇద్దరినీ చెరో పక్కన కూర్చోబెట్టుకొని ఒకే ముంతలో నుంచి ఇద్దరి దొప్పల్లో పోయించాడు. “నీళ్లు బాయిల ఉంటయి. మనం పోయినంక గూడ ఉంటయి. మీరెందుకు కొట్లాడుతున్రు?” అన్నాడట. మర్నాడు ఇద్దరూ కలిసి మోట కట్టారు. దూది ఏకే సాయిబు ఒకాయన గద్వాల సంతకు పోయి వచ్చి అక్కడి కబుర్లన్నీ మండువలోనే చెప్పేవాడు. ఎవరైనా రెండు రోజులు అక్కడ కనబడకపోతే మూడో రోజు ఎవరో ఒకరు ఆ ఇంటికి వెళ్లి చూసి వచ్చేవారు. అందరూ ఒక్కచోట కూర్చునేవారని చెప్పను. మాల మాదిగలు పందిరి బయట కూర్చునేవారు. కానీ వాళ్లలో ఎవరికి జ్వరం వచ్చినా పందిరి లోపల తెలిసేది.

ఇదంతా నాకు అప్పుడు కనబడలేదు. నాయన తిరిగి వచ్చినప్పుడు వచ్చే వాసన ఒక్కటే తెలిసేది. వకీలు ఇంట్లో తెల్లటి పరుపు మీద కూర్చొని రాసుకొనే నాకు, మా నాయన నేల మీద కూర్చొని తాటాకు దొప్పలో కల్లు తాగుతాడంటే సిగ్గుగా ఉండేది.

ఆ ఎండాకాలం ఇటిక్యాల నుంచి నాకు సంబంధం మాట్లాడటానికి ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. పుట్టిలో కృష్ణ దాటి, ఎండన పడి నడిచి వచ్చారు. మెడలో తులసిపేరు వేసుకొనేవాళ్లు. అనుకున్న రోజు కంటే ముందే రావడంతో నాయన ఇంట్లో లేడు. దారిలో ఎవరినో అడిగితే మండువ చూపించారు. ఆ సంగతి విని నేను పరుగున వెళ్లేసరికి నాయన లేచి నిలబడి తన తుండుగుడ్డ పరిచి వాళ్లను కూర్చోమంటున్నాడు.

“ఎండన వడి వచ్చిన్రు. జర సల్లగ తాగున్రి. పొద్దుగాల దించిన ఈతకల్లు” అన్నాడు.

“మాకు అలవాటు లేదు” అన్నాడు పెద్దాయన, కూర్చోకుండానే.

వాళ్లు ఇంటికి వచ్చి మజ్జిగ తాగి వెళ్లిపోయారు. మళ్లీ కబురు రాలేదు. కారణం ఇంకేదైనా కావచ్చు. నేను మాత్రం మండువనే అనుకున్నాను.

వనపర్తికి తిరిగి వెళ్లి, మండువ మూయించమని కల్లు, సారా వ్యవహారాలు చూసే అబ్కారీకి అర్జీ రాశాను. మండువ దగ్గర రోజూ కొట్లాటలని, ఆడవాళ్లు ఆ దారిన నడవలేకపోతున్నారని, కల్లులో మత్తుమందు కలుపుతున్నారని, అది తాగి ఒక మనిషి చనిపోయాడని రాశాను. చనిపోయిన మాట నిజమే. జ్వరంతో చనిపోయాడు. అతను మంచం పట్టిన ఎనిమిది రోజులూ జావ కాచి తీసుకెళ్లింది ఆ గౌండ్లామే.

అర్జీకి ఊరివాళ్ల వేలిముద్రలు కావాలి. గురువారం వచ్చి ఇల్లిల్లూ తిరిగాను. ఊరికి మంచినీళ్ల బావి తవ్వించమని సర్కారుకు రాస్తున్నానని చెప్పాను. ఎవరూ అనుమానించలేదు. చదువుకున్న పిల్లవాడు ఊరి కోసం తిరుగుతున్నాడని సంతోషపడ్డారు. అందరికంటే ముందు వేలు చాచింది మా నాయన.

“నీ సదువు ఊరికి పనికొచ్చింది బిడ్డా” అన్నాడు. ఆయన వేలికి సిరా రాసింది నేనే.

నెల తర్వాత ఒక గురువారం సాయంత్రం, నేను ఊరు చేరగానే అబ్కారీ అమీను ఇద్దరు జవాన్లతో వచ్చాడు. మండువ దగ్గర జనం పోగయ్యారు. అమీను అర్జీ తీసి, ఒక్కో ముక్కా తెలుగులో చెప్పాడు. గౌండ్లామె పందిరి గుంజ పట్టుకొని విన్నది. మత్తుమందు మాట వచ్చినప్పుడు తల అడ్డంగా ఊపింది. తర్వాత అమీను పేర్లు చదవడం మొదలుపెట్టాడు. మొదటి పేరు మా నాయనది.

అందరూ ఆయన వైపు తిరిగారు.

“ఈ ముద్ర నీదేనా?” అన్నాడు అమీను.

నేను జనం వెనక నిలబడి ఉన్నాను. నాయన ఒక్కసారి నా వైపు చూశాడు. నా గుమాస్తా కోటు వైపు, నా ముఖం వైపు చూశాడు. అంతా అర్థమైందని నాకు తెలిసింది. నేను రెండడుగులు ముందుకు వేసి ఉంటే సరిపోయేది. వేయలేదు.

“నాదే” అన్నాడు.

“తెలిసే వేసినవా?”

“తెలిసే ఏసిన. తతిమ్మోళ్లకు తెల్వదు. బాయి కోసమని పిల్లగానితోని నేనే చెప్పిపిచ్చిన.”

తల దించుకొని చెప్పాడు. సాయిబు మాత్రం, “అన్నా, గిదేంది?” అన్నాడు. జవాన్లు కుండలు పగలగొడుతుంటే నాయన అక్కడే నిలబడి చూశాడు.

మండువ మళ్లీ తెరవలేదు, గౌండ్లామె ఊరు విడిచి వెళ్లిపోయింది. తాగేవాళ్లు తాగడం మానలేదు, ఎవరింట్లో వాళ్లు తలుపు వేసుకొని తాగారు. ఆ అన్నదమ్ములకు మళ్లీ తగాదా వచ్చింది. ఈసారి వనపర్తి కచేరీకి ఎక్కారు. మా వకీలు దగ్గర వాళ్ల కాగితాలు రాసింది కూడా నేనే. నాయనను ఎవరూ తిట్టలేదు, ఆయన దారిలో ఎదురైతే పక్కకు జరిగేవారు. పొద్దు వాలే వేళకు ఆయన ఎద్దుల కొట్టం దగ్గర ఒక్కడే కూర్చునేవాడు. నాతో ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. నాకు వేరే ఊరి సంబంధం కుదిరితే పెళ్లి పనులన్నీ దగ్గరుండి చేశాడు.

రెండేళ్ల తర్వాత వకీలు పని మీద గద్వాలకు వెళ్లాను. మగ్గాలుండే వీధిలో ఒక అరుగు మీద గౌండ్లామె నూలు కండెలు చుడుతూ కనబడింది. తప్పించుకొని పోదామనుకున్నాను. ఆమే పిలిచింది.

“మీ నాయన మంచిగున్నడా?”

“ఉన్నడత్తా.” అరుగు దగ్గరికి వెళ్లాను. “ఆ అర్జీ రాసింది నేను. నాయనకు ఏం తెల్వదు.”

ఆమె చేతిలో పని ఆపలేదు. “నాకు ఆ పొద్దే తెలుసు. మన ఊర్ల ఉర్దూ రాసేది ఇంకెవరున్నరు?”

“మరి అప్పుడు ఎందుకు చెప్పలే?”

“మీ నాయన మీదేసుకున్నంక నేనెట్ల చెప్పాలె? అన్న అంటి గద.” నిండిన కండె పక్కన పెట్టి అన్నది. “నేను మందు కలుపుతనని రాసినవు సూడు. గదొక్కటి రాయకుంటే బాగుండు బిడ్డా.”

కోప్పడి ఉంటే తట్టుకునేవాణ్ణేమో. ఇంటికి వెళ్లగానే నాయన కాళ్ల మీద పడాలని దారంతా అనుకున్నాను. వెళ్లేసరికి ఆయన కొడవలి నూరుకుంటున్నాడు. “తిన్నవా?” అని అడిగాడు. తిన్నానన్నాను. అలాగే లోపలికి వెళ్లిపోయాను.

ఆ మరుసటి సంవత్సరం ఆయన చనిపోయాడు. మండువ ఉన్న రోజుల్లో చావు కబురు ఇల్లు దాటేలోపే పాడె కట్టడానికి మనుషులు వచ్చేవారు. మా వాకిట్లో జాముసేపు అమ్మ ఏడుపు తప్ప మరో మనిషి అలికిడి లేదు. నేనే లేచి ఇల్లిల్లూ తిరిగి, తలుపు తట్టి, రమ్మని అడిగాను. వేలిముద్రల కోసం తిరిగిన ఇళ్లే అవి. సాయిబు నా మాట పూర్తికాకముందే చెప్పులేసుకున్నాడు. మిగతావాళ్లూ వచ్చారు. మా నాయన మోసం చేశాడనే నమ్మి, అయినా వచ్చి మోశారు. శ్మశానం దాకా నేను వాళ్ల ముందు నిప్పుకుండ పట్టుకొని నడిచాను, అప్పుడు కూడా ఏమీ చెప్పలేదు.