మేకుల పలక మీద బాపమ్మ

కరీంనగర్‌లో మా అన్న ఫ్లాటుకు పోతే ఈ మధ్య తలుపు తీయగానే, కొత్త చెక్కకు పూసిన వార్నీషు, దాని కింద సన్నగా ఇనుము, రెండూ కలిసిన వాసన ముక్కుకు తగులుతోంది. పార్సిల్‌లో తెప్పించుకున్న మేకుల పలక అది: రెండు చెక్కలు, వాటి నిండా మొనలు పైకి తేలిన మేకులు, ఆ మొనల మీద రోజూ పొద్దున పది నిమిషాలు మా అన్న. షుగర్ పరీక్ష చేయించుకొమ్మని అవ్వ, అంటే మా అమ్మ, ఏడాదిగా పోరుతుంటే, సూది గుచ్చుతారని తప్పించుకు తిరిగి, ఇన్ని మేకులను మాత్రం కోరి కొనుక్కున్న మనిషి.

"నొప్పిని జర దూరంకెళ్లి చూడాలె చెల్లే. పది రోజులైతే నొప్పే తెల్వదట," అన్నాడు కళ్లు మూసుకుని.

నొప్పి తెలియని కాళ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ అనుమానమే.

పెద్దపల్లి దగ్గర మా ఊళ్లో బతుకమ్మ రోజులొచ్చాయంటే, వరి పొట్టకొచ్చిన పొలాల మీంచి వచ్చే తడిగాలి, వాకిట్లో కుప్పపోసిన గునుగు, తంగేడు పూల పచ్చి వాసన, లోపల అవ్వ రొట్టెలూ బెల్లమూ కలిపి దంచే మలీద వాసన, అన్నీ కలిసి ఇల్లంతా ఒక ముద్దయ్యేది. నాన్నను మేం బాపు అనేవాళ్లం, ఆయన అమ్మను బాపమ్మ. మలీద డబ్బా మూత చప్పుడు కాకుండా తీయడంలో ఊళ్లో ఆమెను మించినవాళ్లు లేరు. దొరికిపోతే పిల్లి తిన్నదని నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసేది. ఆమెకు ఇంకో అలవాటుండేది, రెండు చెప్పులతో బయటికి పోయి ఒక్క చెప్పుతో తిరిగి రావడం. రెండోది ఎక్కడ జారిపోయిందో ఆమెకే తెలిసేది కాదు. దాన్ని వెతకడం అన్నకూ నాకూ దసరా సెలవుల్లో చిర్రగోనె తర్వాత పెద్ద ఆట.

ఆ ఏడు సద్దుల బతుకమ్మ తెల్లారి ఒక సాధువు బడి ముందర మేకుల పలక పరిచి, పాపం లేనివాళ్లకు ఇవి గుచ్చుకోవని చాటాడు. పెద్దమనుషులందరికీ ఒక్కసారే ఇంట్లో పనులు గుర్తొచ్చాయి. దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన మా చిన్నాయన ఎక్కాడు, ఎక్కినంత వేగంగా దిగి అరబ్బీలో ఒక మాటన్నాడు; అర్థం ఎవరికీ తెలియదు గానీ భావం అందరికీ అందింది. అప్పుడు బాపమ్మ ఎక్కింది. ఒక తమలపాకు నమిలి మింగేంతసేపు నిలబడింది.

"గింతేనా? మా నులక మంచమే దీనికన్న గుచ్చుతది," అంది.

సాధువు ఆమె కాళ్ల వైపు రెండుసార్లు చూసి, పొద్దుగూకక ముందే పలక సర్దుకుని పోయాడు. ఊరివాళ్లు మాత్రం ఆగలేదు. పసుపునీళ్లతో బాపమ్మ కాళ్లు కడిగి, పిల్లలను తెచ్చి మొక్కించి, పడనివాళ్లు కూడా కొబ్బరికాయలు కొట్టి పోయారు. ఆమె ఆకు నములుతూ దీవించేది.

నాకు మలీద డబ్బా కళ్ల ముందు మెదిలింది. పాపం లేకపోవడమా, ఈమెకా? అరికాళ్లకు ఏదో అంటించుకుందని నా అనుమానం. మూడోనాడు మధ్యాహ్నం ఆమె నిద్రపోతుంటే దొడ్లోంచి పల్లేరుకాయ తెచ్చి మడమ మీద నొక్కాను. కదల్లేదు. బొటనవేలి మీద నొక్కాను. గురక కూడా ఆగలేదు. మోకాలి మీద నొక్కాను.

"ఎవ్వతివే నువ్వు! నీ చేతులిరుగ!" అని లేచి కూర్చుంది.

అప్పటికే నేను చూశాను. బొటనవేలి కింద మేకు దిగిన చోట పసుపు గడ్డకట్టి, చుట్టూ చర్మం నల్లబడి ఉంది. అవ్వ దగ్గరికి ఉరికాను.

"అవ్వా, బాపమ్మకు పాపాలున్నయే! కాళ్లే సచ్చిపోయినయి!"

బాపు దవాఖానకు బయల్దేరదీస్తే బాపమ్మ గడప దాటనంది. "ఊరంత నా కాళ్లు మొక్కబట్టె. ఇప్పుడు దవాఖానకు పోతె నా ఇజ్జత్ ఏంగావాలెరా?"

"కాళ్లుంటెనె గదనే అవ్వా, మొక్కేది," అన్నాడు బాపు.

కరీంనగర్‌లో డాక్టరు షుగర్ అన్నాడు, కాళ్లలో స్పర్శ ఎప్పుడో పోయిందన్నాడు. చెప్పు జారినా ఆమెకు తెలియకపోయేది అందుకే. వేలు పోయింది, కాలు దక్కింది. దేవత పదవి పోగొట్టినందుకు బాపమ్మ నెలరోజులు నాతో మాట్లాడలేదు. ఒక సాయంత్రం మాత్రం అరుగు మీద రెండు కాళ్లూ చాపి, ఎటో చూస్తూ, "రాయే పోలీసు, చూడు," అంది. ఆమె పోయేదాకా రోజూ పొద్దుగూకే వేళ టార్చిలైటు పట్టుకుని ఆ అరికాళ్లు సోదా చేయడం నా ఉద్యోగం.

ఇప్పుడు బాపమ్మ లేదు. అరుగు మీదుగా సిమెంటు రోడ్డు పోయింది, దొడ్లో పల్లేరు మందుకు కూడా దొరకదు. పదో రోజు పొద్దున అన్న ఫోన్ చేసి, "నొప్పే తెలుస్తలేదే," అన్నాడు గర్వంగా. అప్పటికప్పుడు బస్సెక్కాను. తలుపు తీసి, నాకు చూపించడానికని మళ్లీ పలకెక్కి కళ్లు మూసుకుని నిలబడ్డాడు. చున్నీకున్న పిన్నీసు తీసి, పలక దాటి వెనక్కి తేలిన మడమ మీద గుచ్చాను.

"ఓ అవ్వో!" అని అరిచి సోఫా మీద పడ్డాడు. "నీకేమన్న పిచ్చి లేసిందానే?"

ఎంత మంచి అరుపు! కాళ్లు బతికే ఉన్నాయి. కాసేపు నా చేతిలో పిన్నీసు వైపు, పలక వైపు చూశాడు. బాపమ్మ అతనికీ గుర్తొచ్చినట్టుంది. కాళ్లు నా వైపు చాపాడు.

"సరే, చూడు పోలీసు."

ఫోన్ లైటు వేసి వేళ్ల సందులతో సహా చూశాను. మచ్చ లేదు. అయినా నమ్మలేదు. రేపు పొద్దున ఏమీ తినకుండా తయారుగా ఉండమని, పరీక్షకు నేనే తీసుకుపోతానని చెప్పాను. ఈసారి సూది మాట ఎత్తలేదు.

పోతూ పోతూ గుమ్మం దగ్గర అతని చెప్పులు చూశాను. రెండూ ఉన్నాయి.