మిలిటరీ లారీలో పొదిగిన కోడి

మా ఇంట్లో దేన్నీ పారేయం. పగిలిన పలక పాలగిన్నెకు మూత అవుతుంది. చిరిగిన గోనెసంచి గడప ముందు కాళ్లు తుడుచుకునే పట్టా అవుతుంది. పలకలు తయారయ్యే ఊళ్లో ఉంటూ మూతలు కొనుక్కునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నేను మూడో తరగతిలో బడి మానేశాను గానీ నా పలకను మానలేదు. అది ఇప్పటికీ కందిపప్పు డబ్బా మీద ఉంది.

అట్లాంటి ఇంట్లో మిలిటరీ లారీ ఒకటి ఉండటంలో వింతేమీ లేదు. సైన్యం వాళ్లు మాకిక వద్దని వేలం వేస్తే, మార్కాపురం గనుల నుంచి పలకరాయి తోలడానికి మా ఆయన వయసులో ఉన్నప్పుడు కొన్నాడు. దాని మూతి ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. ఏ రంగు వేసినా రెండెండలకు లోపలి ఆకుపచ్చే బయటపడుతుంది. పని లేని రోజు కూడా మా ఆయన పొద్దున్నే అందులోకెక్కి కూర్చుని టీ తాగుతాడు. ఇంట్లో కుర్చీలు లేవా అని అడిగితే, ఉన్నాయి అంటాడు.

ఆమధ్య ఆ లారీ రాతి బరువుతో గనిలో గట్టెక్కుతూ ఫట్టుమని ఆగిపోయింది. వెనక ఇరుసు మధ్యలో గుండులా ఉబ్బెత్తుగా ఉంటుంది కదా, దాని లోపలి పళ్లచక్రానికి పళ్లు రాలిపోయాయట. కొత్తది దొరకదు. ఆ లారీలు తయారుచేయడం ఎప్పుడో మానేశారు. మా అబ్బాయికి అడగకుండానే వరం దొరికినట్టయింది. వాడి కన్ను ఎప్పటినుంచో టిప్పరు మీద ఉంది. ఈ వారంలో చక్రం దొరికితే సరే, లేకపోతే లారీని కాటా వేయించి పాత ఇనుము కింద అమ్మేస్తానని తేల్చి చెప్పాడు. మా ఆయన ఆరోజు టీ సగం తాగి గ్లాసు లారీలోనే వదిలేశాడు. టీ వదిలేసే మనిషి కాదు. నేను వదలనివ్వను కూడా.

గిద్దలూరు దారిలో ఒక పాత ఇనుము దుకాణంలో అచ్చం మా లారీలాంటిదే పడి ఉందని ఎవరో చెప్పారు. తండ్రీకొడుకులతో పాటు నేనూ బయల్దేరాను. మగవాళ్లను బేరానికి వదిలితే దుకాణం వాడు మిద్దె కట్టుకుంటాడు.

దుకాణం ఒక సాయిబుది. నన్ను పెద్దమ్మా అని పిలిచి, కావలసింది విప్పుకోమన్నాడు. ఆ లారీ నిజంగా మాదానికి కవలే. టైర్లు లేవు, రాతి దిమ్మెల మీద నిలబెట్టారు. మా ఆయన కిందికి దూరి, నూనె పోసే కంతలో వేలు పెట్టి తడిమి, పళ్లన్నీ గట్టిగా ఉన్నాయన్నాడు. సొంత పళ్లు ఊడినప్పుడు కూడా ఆయన పళ్ల గురించి అంత పట్టించుకోలేదు.

మరలు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. కిరసనాయిలు పోసి సుత్తి ఎత్తేసరికి, వెనకింట్లోంచి సాయిబు వాళ్లమ్మ వచ్చింది. నాకంటే కాస్త పెద్దది. చేతిలో నూకల చేట.

"సుత్తి దించు," అన్నది మా ఆయనతో. "నా కోడి గుడ్ల మీద ఉండాది."

చూస్తే నిజమే. డ్రైవరు సీటు కింద, పనిముట్లు పెట్టుకునే గూట్లో, ఎర్రపెట్ట ఒకటి ఉబ్బిపోయి కూర్చుని ఉంది. గంపలోకి మారుద్దామని సాయిబు అన్నాడు. పొదిగే కోడిని కదిలిస్తే గుడ్లు వదిలేసి పోతుందని ఆమె. చప్పుడుకు గుడ్లు మురిగిపోతాయనీ, పిల్లలయ్యాక వచ్చి విప్పుకోమనీ తీర్పు చెప్పింది. అప్పటికి మా లారీ కాటా మీద ఉంటుంది. మా అబ్బాయి ఆలస్యం చేయకుండా సాయిబును పక్కకు పిలిచి, పాత లారీని కిలో లెక్కన ఎట్లా తీసుకుంటావని ఆరా మొదలుపెట్టాడు. మా ఆయన లారీ కిందే పడుకుని ఉన్నాడు, బయటికి రాలేదు.

నేను ఆమె పక్కన కూర్చున్నాను.

"ఉరుములొస్తే ఏం చేస్తావక్కా? అప్పుడూ మురుగుతాయి గదా."

"గంపలో ఇనుప ముక్క పెడతా. మీరు పెట్టరా ఏంది?"

"మేమూ పెడతాం. ఒక్క మేకుకే ఉరుము ఆగుతాదంటే, నీ కోడి ఏకంగా మిలిటరీ లారీలో కూచున్నది. దానికి ఇంకెంత ఇనుము గావాల?"

ఆమె చేట కింద పెట్టి, లారీని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది.

"సరే," అన్నది చివరికి. "బొగ్గేది మరి?"

ఆ మాటా నిజమే. ఇనుముతో పాటు బొగ్గు పెట్టాలి. మా అత్త కూడా అట్లాగే పెట్టేది. వాళ్లింట్లో గ్యాసు, టీకొట్టులో గ్యాసు. మా అబ్బాయిని ఇస్త్రీ బండి దగ్గరకు తోలాను. డిగ్రీ చదివినవాడు. బొగ్గెందుకని ఇస్త్రీ అతను అడిగితే, నిజం చెప్పలేక పళ్లు తోముకోవడానికి అన్నాడట. రెండు ముక్కలు తెచ్చాడు. ఒకటి గూట్లో పెట్టి, రెండోది నా కొంగున ముడేసుకున్నాను. గుడ్లు మురిగితే కొత్త పెట్టను కొనిస్తానని కూడా మాటిచ్చాను. కొనిస్తానన్న మాట నా నోట రావడం విని మా అబ్బాయి నా వైపు తిరిగి చూశాడు.

ఆమె డ్రైవరు సీటెక్కి, ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చేయి కోడి మీద వేసింది. కింద నుంచి మా ఆయన ప్రతి దెబ్బకూ ముందు, "అక్కా, కొట్టనా?" అని అడిగేవాడు. ఆమె కోడితో ఉర్దూలో ఏదో చెప్పి, దాని మొహం చూసి, "కొట్టు" అనేది. లారీ గజగజలాడేది. కోడి మాత్రం కన్నార్పలేదు. ఒకసారి సుత్తి జారి బొటనవేలి మీద పడి మా ఆయన కేకేస్తే, అప్పుడు తల ఎత్తింది.

"కొట్టుకుంటే కొట్టుకో, అరవొద్దు," అన్నది ఆమె పైనుంచి.

ఆ చక్రం మా లారీలో పళ్లు కుదిరి కూర్చుంది. పిల్లలయ్యాయని తెలిశాక మళ్లీ పోయాం, అదే లారీలో. ఒక్క గుడ్డు మురిగింది. ఏ కోడికైనా ఒకటి మురుగుతుందని నేను, అది ఆయన వేలు కొట్టుకున్నప్పటి గుడ్డేనని ఆమె కాసేపు వాదించుకున్నాం. చక్రానికి కొసరు తీసుకోలేదని నాకు అప్పుడు గుర్తొచ్చింది. కొసరు లేని బేరం నా జన్మలో లేదు. కోడిపిల్లనొకదాన్ని అడిగాను.

"ఇనుముకు కోడిపిల్ల కొసరా చెల్లే?" అని నవ్వి, వాటిల్లో చిన్నదాన్ని ఏరి ఇచ్చింది.

అది ఇప్పుడు పెట్టయింది. మొన్న మా అబ్బాయి మళ్లీ టిప్పరు మాట ఎత్తి, లారీ కొనేవాడిని ఇంటికే తీసుకొచ్చాడు. లారీ తలుపు తీస్తే, సీటు కింద కోడి ఉబ్బిపోయి కూర్చుని ఉంది. పక్కనే బొగ్గు ముక్క. పొదిగే కోడిని కదిలించకూడదని, పిల్లలయ్యాక రమ్మని వచ్చినాయనకు చెప్పి పంపాను. మా ఆయన టీ మొత్తం తాగాడు.

ఆ సాయంత్రం చూస్తే, వంటింటి గూట్లో దాచిన నా రెండో బొగ్గు ముక్క కనిపించలేదు. మర్నాడు ఆయన చొక్కా ఉతుకుతుంటే జేబులోంచి నీళ్లు నల్లగా దిగాయి. సబ్బు మామూలు కంటే ఎక్కువే పట్టింది.